మోటర్ల షౌక్, మిస్త్రీల తారీఖ్

పోయిన నెల మా బాంజాకు ఒక రిష్తా చూడడానికి వెళ్లాం. మా ఆపా, దుల్హే భాయ్, నేను. టోలిచౌకీలో మంచి ఇల్లు. షర్బత్ తాగాం, సమోసాలు వచ్చాయి, ఖైరియత్ అడగడాలు అయ్యాయి. లడ్కీ వాళ్ల అబ్బా నెమ్మదైన మనిషి, రిటైరైన సర్కారీ ఉద్యోగి. కాసేపయ్యాక అందరూ అడిగే సవాలే ఆయనా అడిగారు.

"లడ్కా క్యా కర్తా?"

ఆపా నా వైపు చూసింది. "ఆటోమొబైల్ లైన్‌లో ఉన్నాడు భాయ్‌సాబ్" అంది.

"అచ్ఛా, షోరూమా?"

"హౌ, అట్లాంటిదే" అన్నారు దుల్హే భాయ్.

నేను జర్నలిస్టుని. నిజం రాయడమే నా రోజీ అని నలుగురిలో చెప్పుకుంటాను. ఆ రోజు మాత్రం సమోసా నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను.

మా బాంజా మెకానిక్. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేశాడు. చాంద్రాయణగుట్ట దగ్గర సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఇద్దరు కుర్రాళ్లకు పని ఇస్తున్నాడు. నమాజుకు పాబంద్, సిగరెట్టు ముట్టడు. వాడిలో ఐబ్ ఏదైనా ఉందంటే ఒక్కటే, గోళ్ల సందుల్లో గ్రీజు. మేం ఆ గ్రీజును దాచాం.

ఆ మర్నాడు ఆదివారం. ఆరో క్లాసు చదివే మా బిటియాను చౌమహల్లా ప్యాలెస్‌కు తీసుకెళ్లాను. దర్బార్ హాలు, ఝూమర్లు చూసి, నిజాం కార్లు పెట్టిన చోటికి వెళ్లాం. అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ ముందు మా బిటియా చాలాసేపు నిలబడింది. తర్వాత అడిగింది: "అబ్బా, ఇది ఖరాబైతే ఎవరు బాగు చేసేవాళ్లు?"

ఆ కారు ఎవరిదో నాకు తెలుసు. ఎవరు చేశారో తెలుసు. బాగు చేసిన చేతులు ఎవరివో తెలియదు. నిన్న సాయంత్రం నేను దాచిన మాట, ఈ పిల్ల అడిగిన సవాలు ఒకటేనని అప్పుడు అర్థమైంది. మన షహర్‌లో మోటర్ల షౌక్ గురించి చాలా కహానీలు ఉన్నాయి. వాటిలో నవాబులు ఉంటారు, దుల్హాలు ఉంటారు, రేసులు ఉంటాయి. మిస్త్రీ ఉండడు. ఈసారి ఆయన వైపు నుంచి రాద్దామని కూర్చున్నాను.

మోటర్‌ఖానా జమానా

ఆ పసుపు బండి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరిచ్చింది. బండి షహర్‌కు చేరకముందే 1911 ఆగస్టులో ఆయన ఇంతెఖాల్ అయ్యారు. తఖ్త్‌తో పాటు బండి కూడా కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు వచ్చింది. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ చాసిస్, ఇంజన్ మాత్రమే ఇచ్చేది. బాడీ వేరేవాళ్లు కట్టేవాళ్లు. దీని బాడీ లండన్‌లో బార్కర్ కంపెనీ కట్టింది. వెనక సీటు తఖ్త్‌లా ఎత్తుగా ఉంటుంది కాబట్టి దీన్ని థ్రోన్ కార్ అంటారు. జులూసులకే తప్ప రోజువారీ సవారీకి వాడిన బండి కాదు. అదే షెడ్డులో నేపియర్, ప్యాకార్డ్, బ్యూయిక్ కూడా ఉన్నాయి. ఒక్కో బండి ముందు జనం నిలబడి ఫొటోలు దిగుతుంటారు.

ఇప్పుడు ఆ జమానా బండిని రోడ్డు మీదికి తీయడం అంటే ఏమిటో ఆలోచించండి. సెల్ఫ్ లేదు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి. ఇంజన్ ఎదురు తన్నితే మణికట్టు విరుగుతుంది. కరెంటు దీపాలు ఇంకా మామూలు కాలేదు, గ్యాసు దీపాలు వెలిగించుకోవాలి. టైరు ఎప్పుడు పేలుతుందో తెలియదు. ఏ స్పేరు పార్టు కావాలన్నా ఓడలో రావాలి. అది వచ్చేదాకా బండి నడవాలంటే ఇక్కడే ఎవరో ఇత్తడి ముక్కను అరగదీసి, తోలు కోసి, నట్టు చేసి బిగించాలి.

అందుకే దేవిడీల్లో గుర్రాల తబేలా పక్కన మోటర్‌ఖానా వచ్చింది. అందులో షోఫర్ ఉండేవాడు, కింద క్లీనర్లు ఉండేవాళ్లు. నిన్నటిదాకా బగ్గీ తోలినవాళ్ల కొడుకులు, లోహార్ల కొడుకులు అక్కడ చేరారు. మా దాదా కూడా అట్లాగే ఒక దేవిడీ మోటర్‌ఖానాలో చేరారు. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్లట. రెండేళ్లు చేతికి పానా ఇవ్వలేదు ఉస్తాద్. కిరోసిన్‌లో నట్లు కడగడం, ఆరబెట్టడం, ఏ నట్టు ఎక్కడిదో గుర్తుపెట్టుకోవడం, అంతే పని. "ముందు చెవులు నేర్చుకోవాలి, తర్వాత చేతులు" అనేవారట ఆ ఉస్తాద్. ఇంజన్ చప్పుడు విని మర్జ్ చెప్పగలిగిన రోజున షాగిర్ద్ చేతికి పానా వచ్చేది. హకీమ్ నబ్జ్ పట్టి చూసినట్టే.

ఆ మోటర్‌ఖానాల భాష ఇంకా మన నోళ్లలో ఉంది. స్పేరు చక్రాన్ని మనం స్టెప్నీ అంటాం. అది వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్లో ఒక వీధి పేరు. 1904లో అక్కడ తయారైన స్పేరు వీల్‌కు ఆ వీధి పేరు పెట్టారు. ఆ చక్రం అక్కడ మాయమైంది, పేరు మాత్రం మన గల్లీల్లో మిగిలింది. డిక్కీ కూడా అంతే. పాత మోటర్లలో వెనక మడత విప్పి కూర్చునే బయటి సీటును డిక్కీ సీటు అనేవాళ్లు. సీటు పోయి సామాన్ల చోటు వచ్చింది, పేరు ఉండిపోయింది. ఈ మాటలను ఇక్కడ నిలిపింది నవాబులు కాదు. రోజుకు పదిసార్లు వాటిని పలకాల్సిన క్లీనర్లు, షోఫర్లు.

ఒక బస్సుకు ఆరుగురు

మోటరు నవాబుల చేతిలోంచి అవామ్ దగ్గరికి వచ్చింది బస్సు రూపంలో. 1932లో నిజాం స్టేట్ రైల్వే వాళ్లు రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టారు. మొదట్లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. లెక్క వేస్తే ఒక్కో బస్సు వెనక ఆరుగురు. డ్రైవరు, కండక్టరే కాదు, రాత్రి బస్సు కింద పడుకుని పని చేసినవాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు. దేవిడీ మోటర్‌ఖానాలో తనఖా నవాబుసాబ్ మిజాజ్ మీద ఆధారపడేది. ఇక్కడ నెల నెలా వచ్చేది. మిస్త్రీ పనికి సర్కారీ ఇజ్జత్ దొరికిన మొదటి చోటు అదే అనుకుంటాను.

ఆర్టీసీ బస్సుల నంబర్లలో జెడ్ అక్షరం చూసే ఉంటారు. ఉస్మాన్ అలీ ఖాన్ తన అమ్మీజాన్ జహ్రా బేగం పేరు మీద అది పెట్టించారని చెప్పుకుంటారు. ఒక తల్లి పేరులో అక్షరం ఇన్ని లక్షల కిలోమీటర్లు తిరగడం మంచి ఖిస్సానే.

1942లో నిజాం సర్కారు పారిశ్రామిక ట్రస్ట్ ఫండ్, అల్లావుద్దీన్ అండ్ కంపెనీ కలిసి హైదరాబాద్ ఆల్విన్‌ను స్థాపించాయి. సనత్‌నగర్‌లో బస్సుల బాడీలు కట్టారు. మన ఇళ్లలో ఆల్విన్ అంటే ఫ్రిజ్, ఆల్విన్ అంటే గడియారం. తర్వాత జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న ట్రక్కులు కూడా చేశారు. ఆ కార్ఖానా తర్వాత మహీంద్రా వాళ్ల చేతికి వెళ్లింది. డెంటింగ్, వెల్డింగ్, రంగు కొట్టడం ఆ బాడీ షాపుల్లో నేర్చుకుని బయట షెడ్లు పెట్టుకున్న పెద్దమనుషులను చిన్నప్పుడు నేను చూశాను.

జాగీర్లు పోయాక

1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్. మరుసటి ఏడాది జాగీర్ల రద్దు. ఆ రోజుల గురించి మన ఇళ్లలో మాట్లాడుకునేది తక్కువ, మింగుకున్నది ఎక్కువ. నేను మోటర్ల వరకే చెబుతాను. దేవిడీల ఆమ్దనీ ఆగిపోయింది. ముందు ఝూమర్లు అమ్మారు, తర్వాత కాలీన్లు, తర్వాత మోటర్లు. మోటరుతో పాటు మోటర్‌ఖానా మనుషులూ రోడ్డు మీద పడ్డారు.

మా దాదాకు ఆఖరి మూడు నెలల తనఖా రాలేదు. నవాబుసాబ్ ఏడుస్తూ తన టూల్‌బాక్స్ ఇచ్చేశారట. విలాయతీ పానాలు, ఒక జాక్, ఒక గ్రీజు గన్. దాదా ఆ పెట్టెను సైకిల్ వెనక కట్టుకుని వచ్చి షాలిబండ దగ్గర ఒక వేపచెట్టు కింద పెట్టారు. అదే దుకాణం. చెట్టు కొమ్మకు గొలుసు కట్టి ఇంజన్లు దించేవారు. మొదటి గిరాకీ ఎవరో తెలుసా? ఆ దేవిడీ నుంచి కారు కొనుక్కున్న సేఠ్. కారు చేతులు మారింది కానీ దాని నబ్జ్ తెలిసింది దాదాకే.

ఇది మా ఒక్క ఇంటి కహానీ అనుకోను. పాత షహర్‌లో ముసలి మిస్త్రీలను కూర్చోబెట్టి అడిగితే, మూడు తరాల వెనక్కి వెళ్లేసరికి ఏదో ఒక దేవిడీ, లేదంటే రైల్వే బస్సు డిపో తగులుతుంది. సల్తనత్ పోయినప్పుడు కాగితాలు ఉన్నవాళ్లు కాగితాలు పట్టుకుని కోర్టులకు వెళ్లారు. హునర్ ఉన్నవాళ్లు చెట్టు కింద కూర్చున్నారు. వాళ్ల పిల్లలు ఆకలితో పడుకోలేదు.

కార్లు దొరకని కాలం

ఆ తర్వాత దేశంలో కార్లే కరువు. ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటర్స్ చేసే అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ వాళ్ల ఫియట్, మద్రాసు నుంచి స్టాండర్డ్ హెరాల్డ్. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అంబాసిడర్ అంటే ఇంగ్లాండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అక్కడ ఆ మోడల్ ఎప్పుడో పోయింది. ఇక్కడ 1957 నుంచి 2014 దాకా బతికింది.

కొత్త కారు దొరకనప్పుడు పాత కారే దిక్కు. అందుకే ఆ ముప్పై ఏళ్లు మిస్త్రీలకు సునహరా జమానా. ఇరవై ఏళ్ల ఫియట్‌కు పెళ్లికూతురిలా రంగు కొట్టి తెచ్చేవాళ్లు. అరిగిన పార్టును లేత్ మీద తిప్పి కొత్తగా చేసేవాళ్లు. సామాను కోసం సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్లేవాళ్లు. లారీల బాడీలకైతే విజయవాడ ఆటోనగర్ పేరు అప్పటికే మోగుతోంది. వర్షాకాలం తెల్లవారితే అంబాసిడర్‌కు ధక్కా కొట్టడం మొహల్లా మొత్తానికి ఫర్జ్. ధక్కా కొట్టిన పిల్లలకు గల్లీ చివరిదాకా సవారీ దొరికేది.

ఆ కాలంలో మన ఇళ్లలో కారు సొంతం కాదు, మౌకాకు వచ్చే మెహమాన్. బారాత్‌కు ఒకరోజు కిరాయికి తెచ్చి గులాబీలు, మల్లెలు కట్టేవాళ్లు. దుల్హా ఎక్కేముందు డ్రైవర్ చాచా నజర్ తీయించేవాడు. మా అమ్మీ తన జిందగీలో మొదటిసారి కారెక్కింది తన రుఖ్సతీ రోజున. రెండోసారి ఎక్కింది పన్నెండేళ్ల తర్వాత.

జిద్దా నుంచి వచ్చిన షౌక్

ఆ రెండోసారి ఎక్కింది ఎయిర్‌పోర్టు నుంచి అబ్బాను తీసుకురావడానికి.

70ల్లో చమురు ధర పెరిగి అరబ్బు దేశాలకు మనవాళ్లు బయల్దేరారు కదా. పాత షహర్ నుంచి, కరీంనగర్ నుంచి, కడప నుంచి. డ్రైవర్లు, మిస్త్రీలు అందులో చాలామంది. మా అబ్బా జిద్దాలో ఒక గ్యారేజీలో చేరారు. ఉత్తరాల బదులు క్యాసెట్లు వచ్చేవి. టేప్‌రికార్డర్ మధ్యలో పెట్టుకుని ఇల్లంతా కూర్చునేవాళ్లం. ముందు సలాం, తర్వాత ఒక్కొక్కరి పేరు పెట్టి ఖైరియత్, ఆ తర్వాత షెవర్లే కాప్రిస్ గురించి పది నిమిషాలు. దాని ఎనిమిది సిలిండర్లు, గేరు వెయ్యకుండానే నడిచే తీరు, ఎడారి ఎండలో లోపల చల్లగా ఉంచే ఏసీ. అమ్మీ "ఇంకా బండి గురించేనా" అని విసుక్కునేది. కానీ క్యాసెట్ ఆపేది కాదు.

అబ్బా తిరిగొచ్చాక కొన్నాళ్లు కారు తోలుతుంటే ఆయన కుడిచెయ్యి వెళ్లి తలుపుకు తగిలేది. అక్కడ స్టీరింగు ఎడమ పక్క, గేరు కుడిచేతి కింద. చెయ్యి ఇంకా జిద్దాలోనే ఉందని నవ్వేవారు.

ఈలోగా మారుతి 800 వచ్చింది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి బండి తాళాలు ఇచ్చారు. గల్ఫ్ రియాళ్లు, మారుతి కలిసి మన మొహల్లాల్లో మొదటిసారి ఇంటి ముందు కారు నిలబడింది. దాంతో ఒక కొత్త రకం షౌక్ పుట్టింది. సీట్ల ప్లాస్టిక్ తొడుగు తీయరు. డ్యాష్‌బోర్డు మీద ఖాలీన్ ముక్క. అద్దానికి తస్బీహ్. వెనక అద్దం మీద మాషాఅల్లా. జిద్దా నుంచి తెచ్చిన స్టీరియోలో ఖిరాత్, తర్వాత కవ్వాలీ. బండి ఆగాక కూడా పాట అయ్యేదాకా దిగరు. దీన్ని చూసి నవ్వేవాళ్లుంటారు. పన్నెండేళ్లు పరాయి దేశంలో ఇతరుల బండ్ల కింద పడుకున్న మనిషికి ఆ ప్లాస్టిక్ చింపడానికి ఎందుకు మనసు రాదో నాకు అర్థమవుతుంది.

ఎన్ని రకాల షౌకీన్లు

ఇప్పుడు షహర్ చూస్తే షౌకీన్లు రకరకాలు.

పాత మోటర్లను దాచేవాళ్లున్నారు. రోజూ గుడ్డతో తుడుస్తారు, నెలకోసారి తోలుతారు. వాళ్లకు బండి అంటే పూర్వీకుల తస్వీర్.

నంబర్ షౌకీన్లున్నారు. బండి ఏదైనా సరే, నంబరు 786 కావాలి, లేదంటే నాలుగు తొమ్మిదులు. వేలంలో లక్షలు పెడతారు. 786 అంటే బిస్మిల్లాకు అబ్జద్ లెక్క. ఆ లెక్క మీద ఉలమాలలో ఏకాభిప్రాయం లేదు. నేను చెప్పేది ఒక్కటే, నంబరుకు పెట్టిన డబ్బులో పదోవంతు బ్రేకుల మీద పెట్టండి.

సజావట్ షౌకీన్లున్నారు. లైట్లు, అద్దాలకు నల్ల ఫిల్ములు, వెడల్పు టైర్లు. నల్ల ఫిల్ముల మీద 2012లో సుప్రీంకోర్టు నిషేధం పెట్టింది. కంపెనీ ఇచ్చిన మూల రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో ఇంకో తీర్పు ఇచ్చింది. మా బాంజా షెడ్డుకు వచ్చే కుర్రాళ్లలో సగం మందికి ఈ సంగతి తెలియదు. వాడే కూర్చోబెట్టి చెబుతాడు, గిరాకీ పోయినా సరే.

రఫ్తార్ షౌకీన్లున్నారు. అర్ధరాత్రి 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వాళ్లను పిలుస్తుంది. దీన్ని మాత్రం షౌక్ అనను. క్రైమ్ బీట్‌లో పని చేసినప్పుడు తెల్లవారుజామున మార్చురీ బయట నిలబడ్డ తండ్రుల ముఖాలు చూశాను. మన మస్జిదుల్లో జుమా ఖుత్బాలో ఏడాదికి ఒక్కసారైనా ఈ మాట రావాలి.

కబాడీ షౌకీన్లు కూడా ఉన్నారు. బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం చూడండి. చెప్పు ఆకారంలో కారు, క్రికెట్ బ్యాటు ఆకారంలో కారు, అన్నీ తుక్కు సామానుతో చేసి నడిపించినవే. ప్రపంచంలోనే అతి పెద్ద ట్రైసైకిల్ చేసి దాని స్థాపకుడు సుధాకర్ 2005లో గిన్నిస్ రికార్డు సాధించారు. తుక్కులో బండిని చూడగలిగే కన్ను అది. మిస్త్రీ కన్ను కూడా అదే.

చివరగా, బండి లేని షౌకీన్లు. క్యాబ్ తోలే కుర్రాడు. బండి బ్యాంకుది. అయినా ఫజ్ర్ తర్వాత బకెట్ నీళ్లతో దాన్ని కడిగే తీరు చూడండి. సఫర్ దువా చదివి తాళం తిప్పే తీరు చూడండి. మా దాదా దేవిడీ మోటరును కడిగింది కూడా ఇట్లాగే ఉంటుంది.

ఇందులో ఒక నాఇన్సాఫీ ఉంది, చెప్పకుండా ఉండలేను. ఒకే పని, మనిషిని బట్టి దాని పేరు మారుతుంది. బంజారాహిల్స్‌లో పాత బండి ఉంటే వారసత్వం, మా గల్లీలో ఉంటే డొక్కు. అక్కడ పెద్ద చప్పుడు చేసే బండి స్పోర్ట్స్ కారు, ఇక్కడైతే ఆవారాగర్దీ. ఏపీ పన్నెండు, టీఎస్ పన్నెండు అంటే హైదరాబాద్ సౌత్ నంబరు. ఆఫీసు పార్కింగులో నా బండి నంబరు చూసి ఒక దోస్త్ "ఓ, పన్నెండా!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

నవాబు చేతిలో పానా

2023 జనవరి 14న ఎనిమిదో నిజాంగా పిలిచే ముకర్రం జా ఇస్తాంబుల్‌లో ఇంతెఖాల్ అయ్యారు. మయ్యత్‌ను షహర్‌కు తెచ్చి చౌమహల్లాలో ఉంచి, 18న మక్కా మస్జిద్‌లో దఫన్ చేశారు. హారో, కేంబ్రిడ్జ్, శాండ్‌హర్స్ట్‌లలో చదివిన ఆ మనిషికి ఇంజన్లంటే ప్రాణం. ఆస్ట్రేలియాలో లక్షల ఎకరాల గొర్రెల ఫారం కొనుక్కుని, అక్కడ బుల్‌డోజర్లు, డీజిల్ ఇంజన్లు విప్పి బిగించుకుంటూ గడిపారు. ఆయన గురించి రాసినవాళ్లందరూ ఈ సంగతి ముచ్చటగా రాశారు.

మంచిదే. నాకూ ముచ్చటే. కానీ ఆలోచించండి, నవాబు పానా పడితే షౌక్ అయింది. మిస్త్రీ కొడుకు పానా పడితే మజ్బూరీ అయింది. నవాబు గోళ్లలో గ్రీజు సాదగీ, మా బాంజా గోళ్లలో గ్రీజు ఐబ్. దావూద్ అలైహిస్సలాం కోసం అల్లా ఇనుమును మెత్తగా చేశాడని, ఆయన కవచాలు చేసేవారని ఖురాన్‌లో చదువుకునే ఉమ్మత్ మనది. పైగంబర్ చేతికి తగిన పని మన అల్లుడి చేతికి తగదా?

ఈ తప్పు ఇతరుల మీద నెట్టను. పదో తరగతి పరీక్ష ఫారంలో వాలిద్ పేషా అన్న చోట నేను ఉర్దూలో చక్కటి దస్తూరీతో 'తిజారత్' అని రాశాను. అబ్బా ఆ ఫారం చదివారు. ఒక్క క్షణం ఆగారు. ఏమీ అనకుండా దస్తఖత్ చేశారు. కాగితం అంచున ఆయన బొటనవేలి నల్లటి గుర్తు పడింది. రబ్బరుతో తుడిచాను. పోలేదు. అబ్బా పోయి తొమ్మిదేళ్లయింది. మా ఇంట్లో పానా వదిలేసిన మొదటివాణ్ణి నేనే.

ముకర్రం జా దఫన్ అయిన నెలలోపే, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. 2.8 కిలోమీటర్ల ట్రాక్, అన్నీ కరెంటు కార్లు. నేనూ, బాంజా వెళ్లాం. బండ్లు ఈల వేసినట్టు దూసుకుపోయాయి. వాడు కళ్లు మూసుకుని విన్నాడు. "మామూ, దీని చప్పుడు ఇంకో రకం. నేర్చుకోవాలి" అన్నాడు.

అప్పుడు నాకు భయం వేసిన మాట నిజం. కార్బొరేటర్ పోయింది, పాయింట్లు పోయాయి, రేపు ఇంజనే ఉండదు. మారుతి 800, అంబాసిడర్ రెండూ 2014లోనే ఆగిపోయాయి. చెట్టు కింద గొలుసు వేలాడదీసి దింపాల్సింది ఏదీ మిగలదు. మొన్న షెడ్డుకు వెళ్లి అదే అడిగాను. వాడు ఒక బండికి స్కానర్ తగిలించి తెర చూస్తున్నాడు. "మెషీన్ నొప్పి ఎక్కడో చెప్తది మామూ. ఎందుకో చెప్పదు" అన్నాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి, తల వంచి విన్నాడు. దాదాను నేను చూడలేదు. కానీ ఆయన అట్లాగే నిలబడేవారని అబ్బా చెప్పేవారు.

వాడికి నా సమోసా సంగతి చెప్పాను. "అమ్మీ చెప్పింది మామూ. చాయ్ తాగు" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆ రాత్రి టోలిచౌకీకి ఫోన్ చేశాను. "భాయ్‌సాబ్, ఆ రోజు మేం పూరీ బాత్ చెప్పలేదు. లడ్కా మెకానిక్. సొంత షెడ్డు ఉంది. మా అబ్బా మెకానిక్, మా దాదా కూడా మెకానిక్" అన్నాను. అవతల కాసేపు ఏ మాటా లేదు. తర్వాత ఆయన "ఇంట్లో మష్వరా చేసి చెప్తాం" అన్నారు. ఇది రాసేసరికి ఇంకా జవాబు రాలేదు. వాళ్లు హౌ అన్నా, నక్కో అన్నా, ఈసారి వాళ్లకు నిజం తెలిసే అంటారు.

మీ ఇంట్లో దాదా, నానా, చాచా ఎవరైనా మోటర్‌ఖానాలోనో, బస్సు డిపోలోనో, చెట్టు కింద షెడ్డులోనో పని చేసి ఉంటే, ఈ జుమాకు పెద్దవాళ్ల దగ్గర కూర్చుని అడగండి. ఆయన పేరేమిటి, ఉస్తాద్ ఎవరు, ఏ బండి ఆయన చేతిలో నడిచింది. పిల్లల నోట్‌బుక్‌లో రాయించండి. మా దాదా టూల్‌బాక్స్‌లో ఒక పానా మా ఇంట్లో ఉంది. వచ్చే ఆదివారం దాన్ని తీసుకుని మా బిటియాతో షెడ్డుకు వెళ్తున్నాను. దాని సవాలుకు నేను చెప్పలేని జవాబు వాళ్ల భాయ్ చూపిస్తాడు.